మరపు నేరము కాదు

మల్టిపుల్ స్క్లెరోసిస్ గలవారి జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని గూర్చిన పాఠము



ఒక ఇంటిని మనస్సునకు తెచ్చుకొనుడి. ఆ ఇంటి ఇల్లాలికి 35 సంవత్సరములు. తెల్లవారుజామున పాలు పొయ్యి మీద పెట్టి, దూడను కట్టివేసి వత్తునని పెరటిలోనికి వెళ్లినది. దూడను కట్టినది, గడ్డి వేసినది, వాకిలి కూడ ఊడ్చినది. పాలు మాడిన వాసన వచ్చువరకు పొయ్యి మాట ఆమెకు జ్ఞాపకము రాలేదు. ఆ వారములో ఇట్లు జరుగుట అది మూడవసారి. "మనస్సు ఎక్కడ పెట్టుకొన్నావమ్మా?" అని అత్తగారు అడిగినది. పాల డబ్బులు ఇచ్చితినో లేదో అని ఆమె భర్తను ఒకే పూట మూడుమార్లు అడుగగా, "ఇంటి పని మీద నీకు శ్రద్ధ లేదు" అని ఆయన విసుగుకొనెను. స్త్రీల సమాజ కూటములో ఇద్దరు ఒక్కసారిగా మాటలాడుచుండగా ఆమెకు ఒక్క మాటయు పట్టుబడలేదు. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేక ఊరకున్నది. "ఈమధ్య ఈమెకు గర్వము వచ్చినది" అని ఇరుగుపొరుగువారు అనుకొనిరి. రాత్రి అందరును నిద్రించిన తరువాత, "నాకు మతి పోవుచున్నదా?" అని ఆమె తనలో తాను భయపడినది. ఆ మాట ఎవరితోను చెప్పలేదు.

నాలుగు సంవత్సరముల క్రిందట ఆమెకు ఒక కన్ను కొన్ని వారములు మసకబారి, తిరిగి బాగయ్యెను. మరుసటి యేట ఎడమకాలు తిమ్మిరెక్కి బరువయ్యెను. పట్టణమునకు తీసికొని వెళ్లి తలకు, వెన్నునకు స్కానింగు తీయించగా, వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని వైద్యులు చెప్పిరి. కాలిని గూర్చి చెప్పిరి, కంటిని గూర్చి చెప్పిరి. మనస్సును గూర్చి ఎవరును చెప్పలేదు, వీరును అడుగలేదు.

ఇది ఏ యొక్కరి కథయు కాదు. ఈ వ్యాధి గల అనేకుల ఇండ్లలో సామాన్యముగా జరుగు సంగతులను ఒకచోట చేర్చి చెప్పితిమి. ఈ నెల పాఠములో మనము రెండు సంగతులను విచారింతము. ఆమె మరపు అశ్రద్ధయా, లేక వ్యాధిలో భాగమా? వ్యాధిలో భాగమైనయెడల ఆమెయు, ఇంటివారును, సంఘమును చేయదగినది ఏమి?

1. ఈ వ్యాధి ఎట్టిది?

మన మెదడు, వెన్నుపాము, కంటి నరములు సన్నని తీగలవంటి నరముల ద్వారా పని చేయును. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే ఈ నరములకు కూడ క్రొవ్వుతో కూడిన ఒక తొడుగు కలదు. దానిని మైలిన్ అందురు. ఆ తొడుగు బాగుగా ఉన్నప్పుడు వార్త నరము వెంబడి అతివేగముగా పరుగెత్తును. రోగములతో పోరాడుటకు మన దేహములో కావలి శక్తి యొకటి ఉన్నది. ఈ వ్యాధిలో ఆ కావలిశక్తియే పొరబడి, సొంత యింటివారిని దొంగలనుకొని కొట్టు కావలివాని వలె, ఈ తొడుగు మీద పడి దానిని పాడుచేయును. తొడుగు పోయినచోట మచ్చలు కట్టును. కొన్నిచోట్ల నరము సహా నశించును. వార్త మెల్లగా పోవును, లేక మధ్యలోనే ఆగిపోవును.

ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. దృష్టిదోషము వలన గాని చేతబడి వలన గాని వచ్చునది కాదు. ఎక్కువగా 20, 40 సంవత్సరముల మధ్య వయస్సులో, అనగా పిల్లలను పెంచుచు సేద్యమో ఉద్యోగమో చేసికొనుచున్న కాలములో ఆరంభమగును. పురుషులకంటె స్త్రీలలో రెండింతలకు పైగా కనబడును. లోకమంతటిలో 28 లక్షలకు మించి ఈ వ్యాధిగలవారు ఉన్నారని 2020లో లెక్క కట్టిరి. చలి దేశములలో ఎక్కువ, మన దేశములో తక్కువ. తక్కువగుటచేతనే మన గ్రామములలో దీని పేరు వినినవారు అరుదు. పూర్తిగా నయము చేయు మందు ఇంకను లేదు గాని, వ్యాధి దాడులను తగ్గించు మొదటి మందుకు 1993లో అమెరికాలో అనుమతి దొరకెను. అటు తరువాత అనేకమైన మందులు వచ్చినవి.

2. మనస్సులో తగ్గునది ఏది? తగ్గనిది ఏది?

ప్యారిసు పట్టణములోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన షార్కో అను వైద్యుడు 1868లో ఈ వ్యాధిని వివరించి పేరు పెట్టెను. రోగుల జ్ఞాపకము బలహీనమగుటయు, ఆలోచన మెల్లగా సాగుటయు ఆయన ఆనాడే గమనించి చెప్పెను. అయినను ఆ తరువాత సుమారు నూరు సంవత్సరములు వైద్యలోకము దీనిని కాళ్ల వ్యాధిగాను కండ్ల వ్యాధిగాను మాత్రమే చూచెను. అమెరికాలో 1991లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఆసుపత్రిలో కాక తమ ఇండ్లలో నివసించుచున్న ఈ వ్యాధిగ్రస్తులను పరీక్షించగా నూటికి 43 మందిలో మనశ్శక్తి కొంత తగ్గినట్లు కనబడెను. నేడు సామాన్యముగా నూటికి 40 నుండి 65 మంది వరకు అని చెప్పుచున్నారు. కావున ఇది అరుదైన సంగతి కాదు.

మొదటిది, వేగము తగ్గును. అన్నిటికంటె ఎక్కువగా కనబడునది ఇదియే. ఆలోచన తప్పు కాదు, కాని ఆలస్యము. గట్టు తెగిన కాలువలో నీరు చుట్టుదారిని పోయి చివరకు మడికి చేరినట్లే, జవాబు వచ్చును గాని కొంచెము ఆలస్యముగా వచ్చును. ఎదుటివారు ఓర్చుకొనక మరియొక ప్రశ్న వేసినయెడల మొదటి జవాబు కూడ పోవును.

రెండవది, క్రొత్త సంగతి మనస్సులో నాటుకొనదు. చిన్ననాటి సంగతులు చక్కగా చెప్పగలవారు నిన్నటి మాట మరచిపోవుదురు. దీనిని చూచి, "పాతవన్నియు జ్ఞాపకమున్నవి, పని చెప్పినప్పుడు మాత్రమే మరపా?" అని జనులు నిందింతురు. కాని ఈ వ్యాధి లక్షణమే అది.

మూడవది, రెండు పనులు ఒక్కసారి చేయుట కష్టమగును. పొయ్యి మీద ఒక కన్ను, బిడ్డ మీద ఒక కన్ను ఉంచుట ఆరోగ్యవంతులకు అలవాటైన పని. వీరికి ఒకటి చేయునప్పుడు రెండవది జారిపోవును.

నాలుగవది, పనులను ఒక క్రమములో పెట్టుకొనుట కష్టమగును. ఏది ముందు, ఏది వెనుక అని ఏర్పరచుకొనుటలో చిక్కుపడుదురు. ఐదవది, తెలిసిన మాటయే నాలుక చివర నిలిచి బయటికి రాదు.

తగ్గనివి కూడ కలవు. చదువుకొన్న చదువు, చేతికి వచ్చిన పనితనము, మాటల అర్థము గ్రహించుట, మంచి చెడ్డల వివేచన చాలమందిలో నిలిచియుండును. వృద్ధాప్యములో కొందరికి కలుగు మతిభ్రమణము వంటిది ఈ వ్యాధిలో అరుదు. కావున "నాకు మతి పోవుచున్నదా?" అని భయపడు ఆ సహోదరికి మనము చెప్పవలసిన జవాబు ఇది: "లేదమ్మా. నీ మనస్సు పోలేదు. దాని దారులలో కొన్ని గండ్లు పడినవి."

3. ఇది ఎందుచేత దాగియుండును?

కఱ్ఱ ఊతముగా నడచువానికి మనము దారి ఇత్తుము. మనస్సునకు ఊతము కావలసినవాని చేతిలో ఏ కఱ్ఱయు కనబడదు. అంతేగాక, మనశ్శక్తి తగ్గుటకు కాళ్ల బలహీనతకు లెక్క కుదరదు. చక్కగా నడచువారిలో కూడ, వ్యాధి ఆరంభ దినములలో కూడ, ఇది ఉండవచ్చును. మంచము పట్టినవారిలో కొందరి మనస్సు చురుకుగా ఉండవచ్చును. ఒకే మనిషి ఉదయము చురుకుగా ఉండి సాయంకాలమునకు మందగించును. పరీక్షకు కూర్చున్నప్పుడు అరగంట బాగుగా చేసి, ఇంటికి వచ్చి దినమెల్ల చేయలేకపోవును.

కావున కన్నులతో చూచి తీర్పు చెప్పరాదు. దీనికి చిన్న పరీక్షలు కలవు. కాగితము మీద కొన్ని గుర్తులు, వాటికి ఎదురుగా అంకెలు ఇచ్చి, 90 సెకండ్లలో ఎన్ని గుర్తులకు అంకెలు చెప్పగలరో చూచు పరీక్ష వానిలో ముఖ్యమైనది. ఈ వ్యాధి గలవారికి మొదటనే ఇట్టి పరీక్ష చేసి, ప్రతి సంవత్సరము తిరిగి చూడవలెనని 2018లో అమెరికా నిపుణులు సిఫారసు చేసిరి. నరముల వైద్యుని యొద్దకు వెళ్లినప్పుడు కాళ్ల సంగతితో పాటు, "అయ్యా, మరపు కూడ ఉన్నది, పరీక్షింపుడి" అని నోరు తెరచి అడుగవలెను. గదిలో అడుగవలసినవి మరచిపోవుదురు గనుక ముందుగా కాగితము మీద వ్రాసికొని వెళ్లుట మేలు. ఇంటివారిలో ఒకరు వెంట ఉండుట ఇంకను మేలు.

4. మరపును పెంచు ఇతర కారణములు

మరపంతయు మెదడులోని మచ్చల వలననే అని తలంపరాదు. దానిని పెంచునవి వేరే కొన్ని కలవు. వాటిలో అనేకములు సరిదిద్దదగినవి.

ఈ వ్యాధిగలవారిలో ఇంచుమించు సగముమందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన మనోవ్యాకులత కలుగును. అది విశ్వాసలోపము కాదు. కొంతవరకు మెదడులోని వ్యాధియే దానికి కారణము. దానికి చికిత్స ఉన్నది. వ్యాకులత తగ్గినప్పుడు ఆలోచన కూడ తేటపడుట కలదు. బ్రదుకవలెనను ఆశ పోయినట్లు ఎవరైన మాటలాడినయెడల ఆ మాటను తేలికగా తీసికొనక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యునికి తెలుపవలెను.

నిద్ర చాలకపోవుట, కాళ్లు పీకుట, రాత్రి మాటిమాటికి మూత్రమునకు లేచుట మరునాటి జ్ఞాపకమును చెరుపును. మూత్రము నిలుపుటకు, నొప్పికి, నిద్రకు ఇచ్చు మందులలో కొన్ని మనస్సును మబ్బు కమ్మినట్లు చేయును. మందులన్నిటిని ఒక సంచిలో వేసికొని వైద్యునికి చూపవలెను. మీ యంతట మీరు ఏదియు మానివేయరాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము కూడ మరపు కలిగించును. ఇవి రక్తపరీక్షలో తెలియును, మందులతో సరిపడును. కొద్ది దినములలోనే మరపు గాని తికమక గాని అమాంతముగా పెరిగినయెడల, జ్వరమో మూత్రములో చీము వంటి సోకుడో ఉన్నదేమో, లేక వ్యాధి తిరిగి దాడిచేసినదేమో అని ఆలస్యము చేయక చూపించుకొనవలెను.

జ్ఞాపకమునకు మాత్రమే పనిచేయు మందు ఏదైన ఉన్నదా అని అనేకులు అడుగుదురు. వృద్ధుల మతిమరపునకు ఇచ్చు డోనెపెజిల్ అను మందును 120 మంది ఈ వ్యాధిగ్రస్తులకు ఇచ్చి చూచిన పరీక్ష ఫలితములు 2011లో వెలువడినవి. మేలు కనబడలేదు. కావున "జ్ఞాపకశక్తి మందు" అని అంగడిలో అమ్మువాటికి డబ్బు పోయకుడి. ఆ డబ్బు అసలు వ్యాధిని అదుపుచేయు మందునకు ఉపయోగపడును.

5. జ్ఞాపకమును మనస్సు వెలుపల ఉంచుట

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో, జనులు యొర్దాను దాటిన తరువాత పండ్రెండు రాళ్లను నదిలోనుండి తెచ్చి గిల్గాలులో నిలిపిన సంగతి మనకు తెలియును. పిల్లలు చూచి అడుగుటకును, పెద్దలు చెప్పుటకును ఆ రాళ్లు నిలుపబడెను. ఒక జనాంగమంతయు తన జ్ఞాపకమునకు రాళ్ల సహాయము తీసికొనగా, వ్యాధిగల ఒక సహోదరి గోడమీద కాగితము అంటించుకొనుట సిగ్గుపడవలసిన పనియా? మనము కూడ అట్టి రాళ్లను ఇంటిలో నిలుపుకొందము.

(అ) ఒకే పుస్తకము. పది చీటీలలో వ్రాసినయెడల పది చీటీలను వెదకవలసివచ్చును. జేబులోనో చేసంచిలోనో పట్టు ఒక చిన్న పుస్తకమును ఉంచుకొని, పాల లెక్క, చిట్టీ డబ్బు, వైద్యుని తేదీ, ఎవరికైన ఇచ్చిన మాట అందులోనే వ్రాయవలెను. "తరువాత వ్రాసెదను" అనుకొన్నది మరచినట్లే. వ్రాయుటకు చేయి సహకరింపనివారు సెల్‌ఫోనులో తమ మాటను తామే నింపి వినవచ్చును.

(ఆ) ఒకే స్థలము. తాళపుచెవికి ఒక మేకు, కండ్లద్దములకు ఒక గూడు, రేషను కార్డుకు, బ్యాంకు పుస్తకమునకు ఒక పెట్టె. ఇంటివారందరును ఆ నియమమును పాటింపవలెను. ఒకరు సర్దినది మరియొకరు మార్చినయెడల ఈ ఉపాయము చెడును.

(ఇ) గోడ క్యాలెండరు. దినము గడువగానే ఆ గడిని కొట్టివేయవలెను. అప్పుడు నేడు ఏ తేదీయో వెదకనక్కరలేదు.

(ఈ) మందుల డబ్బా. ఏడు దినములకు ఏడు అరలు గల డబ్బా మందుల దుకాణములలో దొరకును. దొరకనిచోట ఏడు చిన్న డబ్బాల మీద వారముల పేర్లు వ్రాసినను చాలును. అర ఖాళీగా ఉన్నదా, మందు వేసికొన్నట్లే. రెండుమార్లు వేసికొను అపాయము తప్పును.

(ఉ) గంట. పొయ్యి మీద ఏదైన పెట్టిన మరుక్షణమే సెల్‌ఫోనులో గంట పెట్టవలెను. మోటారు వేసినప్పుడును అట్లే. పొయ్యి వెలుగుచున్నంతసేపు గరిటె చేతిలోనే పట్టుకొని తిరుగుట ఒక సులువైన గుర్తు. చేతిలో గరిటె ఉన్నదనగా పొయ్యి మీద పని ఉన్నదన్నమాట.

(ఊ) అలవాటు. ప్రతిదినము ఒకే వరుసలో చేయు పనికి జ్ఞాపకముతో అంతగా పని లేదు. పండ్లు తోముకొనిన వెంటనే మందు, మందు వెంటనే కాఫీ అని ఒక పనిని మరియొక పనికి ముడివేయవలెను.

6. క్రొత్త సంగతిని నేర్చుకొను విధము

అమెరికాలో డెలూకా అను పండితుడును ఆయన తోటివారును 1994లో ఒక మంచి సంగతిని వెల్లడిచేసిరి. ఈ వ్యాధిగలవారు విన్నదానిని దాచుకొనలేకపోవుట కంటె, మొదట సరిగా పట్టుకొనలేకపోవుటయే అసలు చిక్కు. ఒక సంగతిని మరి కొన్నిమార్లు చెప్పి బాగుగా నేర్పినయెడల, తరువాత ఇతరుల వలెనే వారు దానిని జ్ఞాపకము చేసికొనగలిగిరి. విత్తనము చెడినది కాదు, నాటు పైపైన పడినది. కావున లోతుగా నాటవలెను.

ఎట్లు నాటవలెను? విన్నదానిని వెంటనే మీ మాటలలో తిరిగి చెప్పుడి. పది నిమిషములకు ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి, రాత్రి ఒకసారి తలచుకొనుడి. ఒకేసారి పదిమార్లు వల్లించుటకంటె, ఎడమిచ్చి మూడుమార్లు తలచుకొనుట మేలు. పుస్తకము మూసి, చూడకుండ చెప్ప ప్రయత్నించి, తరువాత సరిచూచుకొనుడి.

మరియొకటి, సంగతులను బొమ్మగాను కథగాను కట్టుట. అంగడిలో ఉప్పు, దారము, సబ్బు, బెల్లము తేవలసియున్నదనుకొనుడి. ఉప్పు బస్తా మీద ఒక ముసలమ్మ కూర్చుండి, దారముతో సబ్బును కట్టి, బెల్లపు అచ్చు మీద వ్రేలాడదీయుచున్నట్లు మనస్సులో చూడుడి. నవ్వు వచ్చును, జ్ఞాపకము కూడ ఉండును. ఇది వట్టి చమత్కారము కాదు. బొమ్మలను, కథలను కట్టుకొని జ్ఞాపకముంచుకొను పద్ధతిని 5 వారములలో 10 పాఠములుగా అమెరికాలో నేర్పి చూచిరి. 86 మంది పాల్గొనిన ఆ పరిశోధన 2013లో ప్రకటింపబడెను. పాఠములు నేర్చినవారి నేర్చుకొను శక్తి, నేర్వనివారికంటె మెరుగుపడెను. ఆరు నెలల తరువాత కూడ కొంత మేలు నిలిచియుండెను.

7. బలమును లెక్కచూచి ఖర్చుపెట్టుట

ఈ వ్యాధిలోని అలసట సామాన్యమైన అలసట కాదు. పని చేయకముందే వచ్చును, నిద్రపోయినను కొన్నిమార్లు తీరదు. అలసినప్పుడు మనస్సు మొదట జారును. కావున దినమును డబ్బు వలె లెక్కచూచి ఖర్చుపెట్టవలెను. లెక్కలు చూచుట, దరఖాస్తు నింపుట, పిల్లల చదువు విచారించుట వంటి ఆలోచన గల పనులను ఉదయము పెట్టుకొని, బట్టలు మడతపెట్టుట వంటి చేతి పనులను తరువాత పెట్టుకొనవలెను. పూర్తిగా అలసిపోకముందే కొంతసేపు విశ్రమింపవలెను. ఒక పని ముగించి మరియొకటి పట్టవలెను. ముఖ్యమైన మాట వినునప్పుడు టీవీ కట్టివేయవలెను.

వేడిమి సంగతి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనింపవలెను. దేహపు వేడి కొంచెము పెరిగినను ఈ వ్యాధిగలవారి చూపు, నడక, ఆలోచన తాత్కాలికముగా తగ్గును. ఊట్‌హాఫ్ అను జర్మనీ కంటి వైద్యుడు, దేహశ్రమ తరువాత రోగుల చూపు మసకబారుటను 1890లో వ్రాసెను. దానికి కారణము వేడియే అని తరువాతివారు కనుగొనిరి. చల్లబడినయెడల తిరిగి సరిపడును గనుక భయపడనక్కరలేదు. కాని ఏప్రిలు, మే మాసములలో పొద్దెక్కిన తరువాత పొలము పని, రేకుల క్రింద పెండ్లి భోజనము, కాగు నీళ్ల స్నానము వీరికి తగవు. తడిగుడ్డ మెడమీద వేసికొనుట, చల్లని నీరు త్రాగుట, ఉదయము తొమ్మిది లోపల బయటి పని ముగించుకొనుట మేలు.

అపాయకరమైన పనులను గూర్చి ఒక మాట. ఆలోచన వేగము తగ్గినవారు మోటారు సైకిలు, ట్రాక్టరు నడుపుట, గడ్డి కోయు యంత్రము వద్ద చేయిపెట్టుట విషయములో వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఒప్పుకొనుటకు మనస్సు నొచ్చును. అయినను ఒక చేయి పోవుటకంటె ఒక పని మానుట మేలు గదా!

8. ఇంటివారికి

రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయా అలసి, బదరీవృక్షము క్రింద పడుకొని చావు కోరుకొనెను. దూత ఆయనను మందలింపలేదు. నిద్రపోనిచ్చెను, లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను. మాట తరువాత వచ్చెను. అలసినవారి యెడల నడచుకొనవలసిన వరుస అందులో ఉన్నది.

ఒక సంగతి చెప్పి, ఆగి, జవాబునకు వేచియుండుడి. మనస్సులో పది లెక్కపెట్టుకొనుడి. వారి మాటను మీరు పూర్తిచేయకుడి. "ఇప్పుడే చెప్పితిని గదా!" అను మాటను ఇంటిలోనుండి వెళ్లగొట్టుడి. ఆ మాట మరపును బాగుచేయదు, మనస్సును మాత్రము గాయపరచును. దానికి బదులుగా, "పుస్తకములో చూతము" అనుడి. పరధ్యానముగా ఉన్నప్పుడు పెరటిలోనుండి కేక వేసి పని చెప్పకుడి. దగ్గరకు వచ్చి, ముఖము చూచి చెప్పుడి. కొందరికి కారణము లేకనే నవ్వో ఏడ్పో ఆపుకొనలేకుండ వచ్చును. అదియు మెదడు వ్యాధియే. దానికి కూడ వైద్యము కలదు.

పనులన్నియు వారి చేతిలోనుండి లాగివేయకుడి. ప్రేమచేతనే కొందరు అట్లు చేయుదురు. కాని, పని పోయినవారికి తాము ఎందుకును కొరగామను తలంపు వచ్చును. చదువు, పాట, లెక్క, మాటలాడుట మనస్సునకు వ్యాయామము. వారు చేయగలదానిని మెల్లగా చేయనిచ్చి, చేయలేనిదానిలో మాత్రమే చేయి వేయుడి.

మరియు వ్యాధిగల సహోదరులారా, సహోదరీలారా, మీరును ఒక పని చేయవలెను. దాచకుడి. "నాకు తొందరగా తోచదు, కొంచెము మెల్లగా చెప్పండి" అని అనుట అలవాటు చేసికొనుడి. ఆ ఒక్క మాట వలన సగము అపార్థములు తొలగిపోవును. చెప్పనియెడల లోకము దానిని గర్వమనియో సోమరితనమనియో అనుకొనును.

9. సంఘమునకు

అమాలేకీయులతో యుద్ధము జరిగినప్పుడు మోషే చేతులు బరువెక్కగా, అహరోనును హూరును రాయి తెచ్చి ఆయనను కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల చేతులను ఎత్తిపట్టిరి (నిర్గమకాండము 17). చేతులు బరువెక్కినందుకు వారు ఆయనను నిందింపలేదు. ఆయన పనిని తీసికొని తాము చేయలేదు. ఆయన పని ఆయనయే చేయుటకు సహాయపడిరి.

మన సంఘములో ఇట్టివారు ఉన్నయెడల, ఆదివారము చదువవలసిన వాక్యభాగమును శనివారమే కాగితము మీద ఇయ్యవచ్చును. కూటములో ఒకరి తరువాత ఒకరు మాటలాడవచ్చును. గాలి తగులుచోట, ఫ్యాను క్రింద వారికి స్థలము ఉంచవచ్చును. ప్రార్థనలో మాటలు తప్పినను, పేర్లు మరచినను నవ్వకుండ ఉండవచ్చును. "విశ్వాసము బలముగా ఉన్నయెడల ఇట్లు మరచిపోవుదువా?" అని ఎవరును ఎన్నడును అనకూడదు. కాలు విరిగినవానిని నడువలేదని నిందింతుమా?

చట్టపు సహాయమును కూడ తెలిసికొనుడి. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములో పేర్కొనబడిన 21 వైకల్యములలో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడ ఉన్నది. ప్రభుత్వము నియమించిన వైద్యాధికారులు పరీక్షించి నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని వైకల్యమున్నదని ధ్రువపత్రము ఇచ్చినయెడల, చట్టములోని అనేక సౌకర్యములకు అర్హత కలుగును. దరఖాస్తులు నింపుట, ఆసుపత్రుల చుట్టు తిరుగుట ఈ వ్యాధిగలవారికి మిక్కిలి కష్టమైన పని. సంఘములోని చదువుకొన్న యౌవనస్థులు ఒకదినము వెంట వెళ్లినయెడల అది పెద్ద సహాయము. ప్రతి సంవత్సరము మే 30వ తేదీ ఈ వ్యాధిని గూర్చి లోకమంతట తెలియజేయు దినము. ఆ వారములో ఈ పాఠమును కూటములో చదువవచ్చును.

ముగింపు

మొదట చెప్పిన ఇంటికి తిరిగి వెళ్లుదము. వ్యాధి అట్లే ఉన్నది. కాని ఇప్పుడు పొయ్యి మీద పాలు పెట్టగానే ఆమె గరిటె చేత పట్టుకొనును. పాల లెక్క పుస్తకములో ఉన్నది. భర్త, "ఎన్నిమార్లు అడుగుదువు?" అనుట మాని, "వ్రాసితివా?" అని అడుగును. అత్తగారు ఫోనులో గంట మ్రోగగానే తానే కేక వేయును. పాలు అప్పుడప్పుడు ఇంకను మాడును. కాని ఆ రాత్రి ఆమె భయముతో మేలుకొని ఉండదు. తనకు మతి పోలేదని ఆమెకు తెలిసినది. అంతకంటె ముఖ్యముగా, ఇంటివారికి తెలిసినది.

ఆలోచించి జవాబు చెప్పుటకు ప్రశ్నలు

1. ఈ వ్యాధిలో మనశ్శక్తిలో తగ్గునవి ఏవి? నిలిచియుండునవి ఏవి?

2. మరపును పెంచు కారణములలో సరిదిద్దదగినవి నాలుగు చెప్పుడి.

3. "ఇప్పుడే చెప్పితిని గదా!" అను మాటకు బదులు మనము ఏమి అనవచ్చును?

4. యొర్దాను రాళ్లవంటి ఏ గుర్తులను మీ ఇంటిలో ఈ వారమే నిలుపగలరు?

5. మీ గ్రామములో అశ్రద్ధగలవారనియో గర్విష్ఠులనియో పేరుపడినవారిలో, నిజముగా వ్యాధిచేత బాధపడుచున్నవారు ఎవరైన ఉన్నారా? వారియొద్దకు ఎవరు వెళ్లుదురు?